ప్లాస్టిక్ స్టాక్ రైఫిల్: గట్టి సరుకా, బొమ్మ తుపాకీనా?

విజయవాడ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చా. ఈ ఎపిసోడ్ మీరు అడిగి చేయించుకున్నదే. హెల్మెట్ల క్వాలిటీ మీద మాట్లాడిన వీడియో కింద ముగ్గురు మూడు రకాలుగా ఒకే వస్తువు గురించి అడిగారు. ముందు ఆ ముగ్గురి మాటా వినండి.

గుడివాడ నుంచి ఇంటర్ చదివే తమ్ముడు రాశాడు. "అన్నా, ఫారిన్ వాళ్ల హంటింగ్ రైఫిల్స్ వీడియోలు చూస్తుంటా. నల్ల ప్లాస్టిక్ స్టాక్, రెండున్నర కిలోల బరువే అంటున్నారు. అంత తేలిగ్గా ఉంటే అది గట్టిదేనా? మన దగ్గర దొరుకుతుందా?"

అవనిగడ్డ వైపు నుంచి ఒక కౌలు రైతు కొడుకు రాశాడు. "అన్నా, పందులు మినుము చేనంతా కుళ్లబొడుస్తున్నాయి. ఆన్‌లైన్‌లో సింథటిక్ స్టాక్ ఎయిర్ రైఫిల్ ఉంది, లైసెన్స్ అక్కర్లేదంట. నాన్నతో డబ్బులు పెట్టించమంటావా?"

మూడోది విజయవాడలోనే ఉండే ఒక అక్క. వాళ్లమ్మాయికి పదిహేనేళ్లు, షూటింగ్ నేర్చుకుంటానంటోంది. "తేలిగ్గా ఉంటుంది, పిల్ల మోయగలదు అని ప్లాస్టిక్‌ది చూశాం తమ్ముడూ. అది మంచిదో కాదో ఎట్టా తెలుస్తుంది?"

నేను తుపాకులు అమ్మేవాణ్ని కాదు, ఏ కంపెనీ దగ్గరా రూపాయి తీసుకోలేదు. ఆటోనగర్‌లో ప్లాస్టిక్ మోల్డింగ్ షాపులో తొమ్మిదేళ్లు మెషీన్ మీద నిలబడినవాణ్ని. క్లబ్బులో పది మీటర్ల టార్గెట్ కొడుతుంటా. కాబట్టి ప్లాస్టిక్ సంగతి పనివాడిగా చెబుతా, తుపాకీ సంగతి వాడేవాడిగా చెబుతా.

క్వాలిటీలోకి వెళ్లేముందు చట్టం సంగతి. స్కిప్ చేయకండి, ఇది మీ జీవితానికి సంబంధించింది.

మన దేశంలో వేట నిషేధం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. వేట అంటే చంపడం ఒక్కటే కాదు. గాయం చేసినా, ఉచ్చు పెట్టి పట్టినా, గుడ్లు పాడుచేసినా ఆ చట్టం లెక్కలో వేటే. సరదాగా వేటాడటానికి మన దగ్గర లైసెన్స్ అనేదే లేదు. మన పక్కనే కొల్లేరు ఉంది, 1999 నుంచి అభయారణ్యం. ఆటపాకలో పెలికాన్లు చూడ్డానికి ఫ్యామిలీలతో వెళ్తాం కదా. అలాంటి అభయారణ్యంలో వేట కేసు పడితే శిక్ష మూడేళ్లకి తగ్గదు, ఏడేళ్ల దాకా ఉంటుంది. "ఎయిర్‌గన్నే కదా" అంటే కోర్టు వినదు. పిట్టకి తగిలింది పెల్లెట్టా బుల్లెట్టా అని చట్టం చూడదు.

ఎయిర్‌గన్‌ని చిన్నచూపు చూడకండి. అరుణాచల్ ప్రదేశ్‌లో పిట్టలు తగ్గిపోతున్నాయని 2021లో ఒక కార్యక్రమం పెట్టి, ఇళ్లలో ఉన్న ఎయిర్‌గన్‌లు మీ అంతట మీరే అప్పగించండి అన్నారు. జనం తెచ్చి ఇచ్చారు. ఊరికో పదిమంది కుర్రాళ్లు సరదాకి కొడితే చెట్లు ఎంత మూగబోతాయో వాళ్లకి అర్థమైంది కాబట్టే ఇచ్చారు.

ఇక తుపాకీ కొనే చట్టం. గుడివాడ తమ్ముడు చూసే ఆ ఫారిన్ రైఫిల్స్ మామూలు లైసెన్సుదారుడు తెప్పించుకోలేడు. దిగుమతి అవకాశం పేరున్న షూటర్లకి, అదీ షరతులతో. లైసెన్స్ ఉన్నవాళ్లకి మన ప్రభుత్వ ఫ్యాక్టరీల రైఫిల్స్ ఉన్నాయి, ఇషాపూర్‌లో తయారైన .315 లాంటివి. చెక్క స్టాక్, పాత లీ-ఎన్‌ఫీల్డ్ పద్ధతి. చేతికి తీసుకుంటే బరువు తెలుస్తుంది. ఇరవై ఒక్క ఏళ్లు నిండకుండా అసలు లైసెన్సే రాదు.

లైసెన్స్ లేకుండా దొరికేది ఎయిర్ రైఫిల్. దానికీ గీత ఉంది. గొట్టం లోపలి కొలత .177, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకూడదు. పెల్లెట్ శక్తి 20 జౌల్స్ మించకూడదు. ఈ 20 గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతో ఒక లెక్క చేద్దాం.

అంటే మన డెల్టాలో కుర్రాడి చేతికి నిజంగా వచ్చేది నల్ల ప్లాస్టిక్ స్టాక్ ఉన్న ఎయిర్ రైఫిల్. చూడ్డానికి అచ్చం ఆ హంటింగ్ రైఫిల్‌లాగే తయారుచేస్తారు. అందుకే రెండిటి క్వాలిటీ గురించీ కలిపి మాట్లాడుకుందాం. చూసే పద్ధతి చాలావరకు ఒకటే.

స్టాక్ అంటే భుజానికి ఆనించి, చేత్తో పట్టుకునే భాగం. పాతకాలంలో అంతా చెక్కే. ప్లాస్టిక్ అనగానే మనకి చిన్నచూపు. బకెట్, మగ్గు గుర్తొస్తాయి. కానీ ఇది నిన్నామొన్నటి సంగతి కాదు. అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ 1959లోనే నైలాన్ 66 అని ఒక చిన్న రైఫిల్ తెచ్చింది. పేరులోనే ఉంది చూడండి, దాని స్టాక్ డ్యూపాంట్ వాళ్ల నైలాన్. కొనేవాళ్లు మొదట నవ్వుకున్నా, చివరికి పది లక్షలకి పైగా అమ్ముడైంది. కాబట్టి "ప్లాస్టిక్ అయితే బొమ్మే" అన్న మాట అరవై ఏళ్ల కిందటే పోయింది. ఇప్పుడు అడగాల్సింది ఏ ప్లాస్టిక్, ఎట్టా పోశారు, లోపల ఏం పెట్టారు అని.

మూడు రకాలు ఉంటాయి. మొదటిది ఏబీఎస్ లాంటి మామూలు ప్లాస్టిక్, బైక్ సైడ్ ప్యానెళ్లకి వాడతారే, అది. రెండోది గాజు పీచు కలిపిన నైలాన్. కారు ఇంజిన్ దగ్గర, పవర్ టూల్స్ బాడీలకి వాడేది ఇదే. మూడోది ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్, కెవ్లార్ లాంటి బట్టని రెసిన్‌తో పొరలు పొరలుగా వేసి చేసేది. నిజంగా తేలిగ్గా, నిజంగా గట్టిగా ఉండేది ఈ మూడోదే. రేటు కూడా అట్టాగే ఉంటుంది.

ఈ మూడో రకం మనకి కొత్తేం కాదు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు స్వర్ణాలు కొట్టింది కదా. కాంపౌండ్ బోలో వంగి శక్తిని దాచుకునే రెక్కలు ఫైబర్ కాంపోజిట్‌తో చేసినవే. వేల సార్లు వంగినా మళ్లీ అదే చోటికి రావాలి. తేలికదనం, గట్టిదనం ఒకదానికొకటి శత్రువులు కావు. చౌకదనం కూడా కలవాలంటేనే కష్టం.

మన వాతావరణంలో ప్లాస్టిక్‌కి ఒక లాభం ఉంది. చెక్క నీటిని పీలుస్తుంది. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లని అడగండి, తెల్ల పొణికి కర్రని వేడికి పెట్టి తేమ పోగొట్టాకే పని మొదలెడతారు. తేమ ఉంటే కర్ర తర్వాత ఆరుతూ పగులుతుందని వాళ్లకి తెలుసు. రైఫిల్ చెక్క కూడా అంతే. బందరు గాలిలో వానాకాలం ఉబ్బుతుంది, రోహిణీ కార్తెలో బిగుస్తుంది. అట్టా కదిలినప్పుడల్లా గొట్టం మీద ఒత్తిడి మారి, గురి కొంచెం పక్కకి జరుగుతుంది. ప్లాస్టిక్‌లో ఆ బాధ తక్కువ. తక్కువ అన్నా, లేదు అనలా. నైలాన్ కూడా తేమ పీలుస్తుంది. కాస్త మెత్తబడుతుంది. మామూలు ఏబీఎస్‌కి ఎండ బెడద. ఎండలో ఆపిన కారులో అరవై డిగ్రీలు దాటుతుంది. స్క్రూ బిగించిన చోట ఒత్తిడి మీద ఉన్న ప్లాస్టిక్ ఆ వేడికి మెల్లగా కుంగుతుంది. రేపు చూస్తే స్క్రూ లూజు.

సరే, రైఫిల్ చేతికిచ్చారు. ఏం చూడాలి?

అన్నిటికంటే ముందు భద్రత. లోపల పెల్లెట్ లేదని కళ్లతో చూడండి. షాపువాడు "ఖాళీయే బాబూ" అన్నా సరే, మీరు చూడండి. గొట్టం ఎప్పుడూ మనిషి వైపు పెట్టొద్దు. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌ని పెల్లెట్ లేకుండా పేల్చొద్దు. ముందు అడ్డుగా గాలి ఒత్తిడి లేక లోపలి పిస్టన్ వెళ్లి సుత్తిలా కొట్టుకుంటుంది, సీల్ పాడవుతుంది. షాపులో డిస్‌ప్లే పీస్‌ని రోజుకి పదిసార్లు అట్టా టక్కుటక్కున పేల్చి చూపిస్తుంటే, ఆ పీస్ మాత్రం కొనకండి.

ఇప్పుడు స్టాక్. వేలితో కొట్టండి. డబడబ బోలుగా మోగితే చాలామంది "నాసిరకం" అనేస్తారు. అది తప్పు తీర్పు. మోల్డ్‌లో పోసిన ప్లాస్టిక్ స్టాక్ ఏదైనా లోపల బోలే. బలం గోడ మందంలోనూ, లోపలి అడ్డు పట్టీల్లోనూ ఉంటుంది. పైగా లోపల ఫోమ్ నింపి మోత తగ్గించి గట్టిదిలా అనిపించడం చాలా సులువు. కాబట్టి చెవిని నమ్మకండి, చేతిని నమ్మండి.

రెండు చేతులతో ముందుభాగం పట్టుకుని పిండండి, మెలితిప్పండి. ఒక మంచి పరీక్ష చెబుతా. బోల్ట్ రైఫిల్ అయితే గొట్టానికీ స్టాక్‌కీ మధ్య పది రూపాయల నోటు దూర్చి వెనక్కి లాగండి. ఎక్కడా పట్టుకోకుండా జారాలి. తర్వాత స్టాక్‌ని చేత్తో గొట్టం వైపు నొక్కి పట్టుకుని మళ్లీ లాగండి. ఇప్పుడు నోటు ఇరుక్కుంటే, మీరు గట్టిగా పట్టుకున్న ప్రతిసారీ ఆ ప్లాస్టిక్ వెళ్లి గొట్టానికి తగులుతుందన్నమాట. గురి మీ పట్టుని బట్టి మారుతుంది. చౌక స్టాకుల్లో అసలు జబ్బు ఇదే.

గొట్టం విరిచి లోడ్ చేసే ఎయిర్ రైఫిల్ అయితే నోటు పరీక్ష కుదరదు. దాంట్లో గొట్టం కిందికి వంగినప్పుడు ఒక ఇనుప కడ్డీ స్టాక్ గాడిలో కదులుతుంది. ఆ గాడికి రెండు పక్కలా సందు సమానంగా ఉందా చూడండి. ఒకపక్క రాసుకున్న తెల్లగీతలు కనిపిస్తే అసెంబ్లీ వంకర.

మోల్డింగ్ వాడిగా నేను చూసేవి రెండు. ఒకటి, అతుకు గీత. రెండు అచ్చులు కలిసేచోట సన్నటి గీత ఉంటుంది. గీత ఉండటం తప్పు కాదు. గోరుకి తగిలేంత లేచి ఉంటే అచ్చు అరిగిపోయిందని అర్థం, అరిగిన అచ్చుతో ఇంకా లాగిస్తున్నారు. రెండు, కుంగిన మచ్చలు. వెలుతురులో స్టాక్‌ని అటూ ఇటూ తిప్పితే మందంగా ఉన్నచోట చిన్న లోతు గుంటలా మెరుస్తుంది. అది ప్లాస్టిక్ పూర్తిగా చల్లారకముందే, లేదా సరిపడా ఒత్తిడి పెట్టకుండానే అచ్చు విప్పారని చెబుతుంది. పిస్తా పక్కన, అంటే మెడ దగ్గర ఉంటే అందం తక్కువ అంతే. స్క్రూ దిగేచోట ఉంటే మాత్రం వద్దని చెప్పేయండి.

ఎందుకంటే స్టాక్ మొత్తంలో ముఖ్యమైన చోటు అదే. ఇనుప భాగం, ప్లాస్టిక్ భాగం కలిసే చోటు. మంచి స్టాకుల్లో స్క్రూ కింద లోహపు గొట్టమో, అల్యూమినియం దిమ్మో పెడతారు. ఇనుము ఇనుము మీద బిగుస్తుంది. చౌకవాటిలో స్క్రూ తల నేరుగా ప్లాస్టిక్‌ని నొక్కుతుంది. స్ప్రింగ్ రైఫిల్ పేలినప్పుడు ముందు వెనక్కి, వెంటనే ముందుకి తంతుంది. రెండు వైపులా తన్నడం దాని స్వభావం. ఆ తన్నుకి రోజూ కొంచెం కొంచెం ప్లాస్టిక్ నలుగుతుంది.

నేను కొన్న ఒక రైఫిల్‌లో ఇదే జరిగింది. కంపెనీ పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరం లేదు. మొదటి వారం ఐదు పెల్లెట్లూ రూపాయి బిళ్ల కింద దాగేవి. రెండు డబ్బాలు కాల్చేసరికి టార్గెట్ మీద చెల్లాచెదురు. విప్పి చూస్తే ముందు స్క్రూ కింద ప్లాస్టిక్ ముద్దలా నలిగి ఉంది. మా ఆటోనగర్ లేత్ మేస్త్రీ చిన్న ఇత్తడి బుష్ తిప్పి ఇచ్చాడు. అది పెట్టి బిగించాక మళ్లీ దారికొచ్చింది. ఫ్యాక్టరీలో పెట్టి ఉంటే వాళ్లకి ఎంతో ఖర్చు కాదు. క్వాలిటీ అంటే ఇదే, బయటికి కనపడని చోట ఆ కాస్త ఖర్చు పెట్టారా లేదా అన్నది. కొనేటప్పుడు అడగండి, స్క్రూ కింద మెటల్ ఉందా అని. షాపువాడికి తెలియకపోతే స్క్రూ విప్పి చూపించమనండి.

తర్వాత గొట్టం. మూసిన తర్వాత చివర పట్టుకుని పక్కలకి ఊపండి. టకటక ఆడితే వదిలేయండి. ఆట ఉన్న గొట్టానికి మీరెంత గురిపెట్టినా దండగే. గొట్టం చివర అంచు మీద చెవిలో పెట్టుకునే దూది పుల్లని గుండ్రంగా తిప్పండి. ఒకేచోట దూది పీచు పట్టుకుంటే అక్కడ గరుకు ఉంది. పెల్లెట్ గొట్టాన్ని వదిలే ఆఖరి క్షణంలో అక్కడ తగిలి పక్కకి పోతుంది. నల్లపూత సమంగా ఉందా, స్క్రూల కింద, సైట్ కింద గోధుమరంగు చుక్కలున్నాయా చూడండి. స్టాక్ ప్లాస్టిక్ కాబట్టి తుప్పు పట్టదు అనుకుని చాలామంది గొట్టాన్ని మర్చిపోతారు. దివిసీమ ఉప్పుగాలికి ఇనుము ఇనుమే. వాడిన ప్రతిసారీ నూనెగుడ్డతో తుడవాల్సిందే.

టెలిస్కోప్ సంగతి కూడా. మన బందరులో బెల్ ఫ్యాక్టరీ ఉంది, సైన్యానికి నైట్ విజన్ పరికరాలు చేస్తారు. అలాంటి పరికరాల్లో గాజు ఎంత ముఖ్యమో, అదురుకి గాజు కదలకుండా పట్టుకోవడం కూడా అంతే ముఖ్యం. స్ప్రింగ్ రైఫిల్ రెండువైపులా తంతుంది అన్నా కదా, మామూలు స్కోప్‌లు వెనక్కి తన్నడానికే తయారవుతాయి. ముందుకి తన్నేసరికి లోపలి గీతలు ఊడిపోతాయి. బాక్సులో ఫ్రీగా ఇచ్చే స్కోప్‌ని చూసి రైఫిల్ కొనకండి. మొదట మామూలు సైట్లతో నేర్చుకోండి.

ఇప్పుడు ఇందాకటి 20 జౌల్స్ లెక్క. బాక్సు మీద పెద్ద అక్షరాల్లో సెకనుకు 1000 అడుగులు అని ఉంటుంది. అంటే సుమారు 305 మీటర్లు. మామూలు సీసం పెల్లెట్ బరువు అర గ్రాము అనుకోండి. బరువులో సగం, ఇంటూ వేగం, ఇంటూ వేగం. స్కూల్ ఫిజిక్సే. వచ్చేది 23 జౌల్స్. అంటే లైసెన్స్ అక్కర్లేని గీత దాటేసింది! మరి ఎట్టా అమ్ముతున్నారు? చాలాసార్లు ఆ వేగం తేలికపాటి అలాయ్ పెల్లెట్‌తో కొలిచింది. 0.35 గ్రాముల పెల్లెట్ అయితే అదే వేగానికి 16 జౌల్సే. లేదంటే ఆ అంకె ఉత్త గొప్ప. అర గ్రాము పెల్లెట్‌కి 20 జౌల్స్ అంటే సెకనుకు 283 మీటర్లు, దాదాపు 928 అడుగులు. కాబట్టి బాక్సు మీద జౌల్స్ ఎంతో రాశారా చూడండి, బిల్లు మీద కూడా రాయించుకోండి. జౌల్స్ రాయకుండా అడుగులు మాత్రమే అరిచే కంపెనీ మీకు సమాచారం ఇవ్వడం లేదు, ఊరిస్తోంది.

బరువు గురించి గుడివాడ తమ్ముడికి సూటిగా చెబుతా. హంటింగ్ రైఫిల్ తేలిగ్గా ఎందుకు చేస్తారంటే, కొండల మీద రోజంతా మోసి, ఒక్కసారి పేల్చేవాడి కోసం. మోయడానికి సుఖం, పేల్చడానికి కష్టం. ఒకే తూటాని 3.6 కిలోల రైఫిల్‌లో, 2.7 కిలోల రైఫిల్‌లో పేలిస్తే తేలికదాంట్లో వెనక్కి తన్నే శక్తి మూడోవంతు ఎక్కువ. బరువు తగ్గించడానికి గొట్టం సన్నగా చేస్తారు, నాలుగైదు సార్లు పేలిస్తే వేడెక్కి గురి జరుగుతుంది. వాళ్లకి ఆ మొదటి దెబ్బే కావాలి కాబట్టి సరిపోతుంది. అంటే అది నాసిరకం కాదు, ఆ పనికి చేసిన వస్తువు. ఆ పని మన దగ్గర లేదు, చట్టం ఒప్పుకోదు. వీడియోలు చూడు తమ్ముడూ, ఇంజినీరింగ్ నేర్చుకో. అందులో పోసే ప్లాస్టిక్, అందులో వేసే కాంపోజిట్ రేపు నీకు ఉద్యోగం ఇవ్వొచ్చు.

ఇక అవనిగడ్డ తమ్ముడూ. నీ ప్రశ్న నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది, ఎందుకంటే అక్కడ పోయేది మీ నాన్న పంట. కౌలు కట్టి, పెట్టుబడి పెట్టి, తెల్లారి వెళ్లి చూస్తే చేను దున్నేసి ఉంటే ఆ కోపం ఎట్టా ఉంటుందో నాకు తెలుసు. కానీ లెక్క చూడు. లైసెన్స్ లేని ఎయిర్ రైఫిల్ శక్తి 20 జౌల్స్ లోపు. .315 రైఫిల్ తూటా శక్తి రెండు వేల జౌల్స్ పైమాటే. వంద రెట్లు తేడా. ఆ పెల్లెట్‌తో పందిని కొడితే అది చావదు. చర్మంలో సీసం పెట్టుకుని, పుండు పడి, రెచ్చిపోయి తిరుగుతుంది. రాత్రిపూట గట్టు మీద నిలబడిన మీ నాన్న మీదికే రావచ్చు. ఎంత మంచి క్వాలిటీ రైఫిల్ అయినా ఈ పనికి అది నాసిరకమే. పైగా కేసు.

దారి ఉంది. పంటని పాడుచేసే జంతువుల విషయంలో రాతపూర్వక అనుమతి ఇచ్చే అధికారం అదే చట్టంలో అటవీశాఖకి ఉంది. సెక్షన్ 11. నువ్వొక్కడివే కాకుండా నలుగురు రైతులు కలిసి, ఫోన్‌లో పంట ఫొటోలు తేదీతో సహా తీసి, రేంజ్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. నష్టపరిహారం సంగతి కూడా అక్కడే అడగండి. ఈలోపు రైఫిల్‌కి పెట్టే డబ్బు కంచెకి పెట్టండి. ఒక్క మాట, కరెంటు లైను నుంచి నేరుగా తీగ లాగి మాత్రం పెట్టొద్దు. పొద్దున్నే నీళ్లు కట్టడానికి వచ్చే మనిషికి తగులుతుంది అది. అట్టా పోయిన ప్రాణాలు మన జిల్లాల్లో ఎన్ని వార్తలయ్యాయో నీకు తెలుసు.

చివరిగా అక్కా, మీ అమ్మాయి. పోటీల్లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెన్సిల్ మొన పెట్టిన చుక్కంత. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే. ఆ రైఫిల్స్ తేలిగ్గా ఉండవు. రూల్ ప్రకారం ఐదున్నర కిలోల దాకా ఉండొచ్చు. స్టాక్ చాలావాటిలో అల్యూమినియం, చెంపకీ భుజానికీ తగ్గట్టు జరుపుకునేలా ఉంటుంది. బరువు ఎందుకంటే, గుండె కొట్టుకున్నప్పుడల్లా తేలిక రైఫిల్ ఊగుతుంది, బరువుది నిలబడుతుంది. కాబట్టి వేట తుపాకీలా కనిపించే ఆ ప్లాస్టిక్‌ది ఎంత గట్టిదైనా మీ అమ్మాయి పనికి రాదు. ముందు ఒక క్లబ్బులో చేర్పించండి. ఆరునెలలు క్లబ్బు రైఫిల్‌తోనే కొట్టనివ్వండి. అప్పటికీ ఇష్టం నిలిస్తే, కోచ్‌ని పక్కన పెట్టుకుని, అమ్మాయి చేతి పొడవు కొలిచి కొనండి. అప్పటిదాకా ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచండి.

మరి ఎవరికి కొనొచ్చు? పద్దెనిమిది దాటి, కాగితం టార్గెట్ మీద సరదాగా నేర్చుకునేవాళ్లకి కొనొచ్చు. అపార్ట్‌మెంట్ డాబా మీద వద్దు, పెల్లెట్ వందల మీటర్లు పోతుంది, అవతల డాబా మీద బట్టలారేసే మనిషి ఉంటుంది. నేరుగా గోడ మీద కొట్టొద్దు, వెనక్కి ఎగిరొచ్చి కంట్లో పడుతుంది. మందపాటి పెట్టెలో పాతబట్టలు కుక్కి, వెనక ఇనుప రేకు పెట్టి, దాని ముందు కాగితం అంటించండి. కళ్లజోడు పెట్టుకోండి.

కొన్నాక ఒకటే పరీక్ష. పది మీటర్లలో బల్ల మీద మెత్త పెట్టి, ఒకే రకం పెల్లెట్లు, ఐదేసి చొప్పున ఐదు కాగితాలు కొట్టండి. మధ్యలో తగిలిందా లేదా అని చూడకండి, అది సైట్ తిప్పితే వస్తుంది. ఐదు రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో స్కేలుతో కొలిచి, తేదీ రాసి దాచండి. రెండొందల పెల్లెట్ల తర్వాత మళ్లీ కొలవండి. రెండూ ఒకేలా ఉంటే స్టాక్, స్క్రూలు, గొట్టం మూడూ మాట మీద నిలబడ్డాయని అర్థం. రివ్యూలో ఎవరేం చెప్పినా, నేను చెప్పినా సరే, ఆ కాగితం చెప్పిందే నిజం.

మీరు కొలిచిన కాగితాల ఫొటోలు కామెంట్లలో పెట్టండి, ఏ కంపెనీదైనా పర్లేదు, కలిసి చూద్దాం. అవనిగడ్డ తమ్ముడూ, అర్జీ ఇచ్చాక ఏమైందో తప్పకుండా రాయి. ఉంటా మరి.